జీడి గుర్తు

మూడో బకెట్టు నీళ్లలో జెర్సీని ముంచి తీసి గంగాధర వెలుగుకు పట్టి చూశాడు. మరక లేదు. నిన్నా లేదు, మొన్నా లేదు. రెండు నెలలుగా ఎవరి ఒంటి మీదికీ ఎక్కని బట్టకు మరక ఎక్కణ్ణుంచి వస్తుంది? అయినా మళ్లీ ముంచాడు. చంకలు, మెడపట్టీ, చేతుల అంచులు, ఆటగాడి చెమట ఎక్కడెక్కడ చేరుతుందో అక్కడల్లా బొటనవేలితో రుద్దాడు. పిండి, లోపలి వైపు బయటికి తిరగేసి, కింది అంచు పట్టి దండెం మీద వేసి రెండు క్లిప్పులు పెట్టాడు. రంగు బట్టను తిరగేసి ఆరేయాలని చిన్నప్పుడు తల్లి నేర్పింది. బడి పాఠాలేవీ అతనికి అంటలేదు గానీ ఇదొక్కటి చేతులకు అంటుకుపోయింది.

కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు పదహారు ఆకుపచ్చ జెర్సీలు. వాటిలో పన్నెండు ఇంకా బట్టల గదిలో ఉన్నాయి. ఆగస్టు రెండో తేదీన ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది, మర్నాటికి ఈ కాలేజీలోకీ దిగింది. ఇప్పుడు సెప్టెంబరు చివరి వారం. మైదానంలో పచ్చిక మీద లారీలు నిలబడి ఉన్నాయి. గోలు వలలు కోసుకుపోయి లారీల సామాను మీద కప్పారు. తరగతి గదుల్లో సిపాయిలు పడుకుంటున్నారు. వాళ్ల ఖాకీలు ఉతకడానికి ఒక మనిషి కావాలి గనుక గేటు దగ్గర గంగాధరను ఎవరూ ఆపరు. రాజ్యం ఎవరిదైనా చాకలికి సెలవుండదు కదా. ఖాకీలు ఉతికి వెనక దండెం మీద వేసి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పట్టి, మాయని జెర్సీలను రోజుకు నాలుగు చొప్పున ఉతికి ముందు దండెం మీద వేసేవాడు. మాయని బట్టలు ఎందుకు ఉతకడమంటే, ఆ పని మానేస్తే చేతులు ఏం చేసుకోవాలో అతనికి తెలియదు, అంతే.

నలభై మూడేళ్ల మనిషి. బక్కపలచగా, వంగిన వీపుతో, నిలబడి ఉన్నా బకెట్టు ఎత్తబోతున్నట్టే కనిపిస్తాడు. వేళ్ల కొసలు ఎప్పుడూ నానిన శనగల్లా ముడతలు పడి ఉంటాయి. రాయచోటి పక్క పల్లె నుంచి వచ్చి పదకొండేళ్లయింది. మధ్యలో మూడుసార్లు ఇంటికి పోయాడు. పోయిన ప్రతిసారీ భార్య కళావతి అతని వేళ్లు పట్టుకు చూసి, "ఆడ నీళ్లు లేవంటారే, ఇంత నాని పోయినావే" అనేది. కాలేజీలో అతని పేరు ఎవరికీ తెలియదు. ఆటగాళ్లు అబూ సాబూన్ అని పిలిచేవాళ్లు, సబ్బు నాయన అని దాని అర్థం. ఆ పిలుపు అతనికి నచ్చింది. పిలవకుండా ఉన్నదానికంటే ఏదో ఒకటి పిలవడం మేలే గదా అనుకునేవాడు.

ఈ రోజే అతని ప్రయాణం. మధ్యాహ్నం రెండు గంటలకు ఫర్వానియా నుంచి బస్సు. పొద్దున గదిలో చొక్కా తొడుక్కుంటూ ఉంటే భీమరాజు అడ్డం వచ్చాడు. ఆయన అమలాపురం పక్క మనిషి, కుళాయిల పని చేస్తాడు, బస్సు జాబితాలో గదివాళ్ల పేర్లన్నీ ఎక్కించింది ఆయనే.

"ఇయ్యాల కూడా ఎల్తారేంటండీ గంగాధరం గారూ? రెండింటికి బస్సండి. బస్రా, బాగ్దాదు, అక్కణ్ణించి అమ్మాను. ఇది తప్పిపోతే మళ్లీ ఎప్పుడో ఆ దేవుడికే తెలియాలండి."

"పన్నెండున్నరకంతా వచ్చేస్తా రాజన్నా. నిన్న ఉతికిన సిపాయిల బట్టలు దండెం మిందే ఉండాయి. అవి ఇయ్యకుండా పోతే ఎతుక్కుంటా ఈడికే వస్తారు. అదీగాక నా డబ్బీ ఆడనే ఉంది."

"ఏం డబ్బీ అండీ? బంగారం దాచారేంటి?"

"జీడిగింజలు."

"ఆయ్, జీడిగింజలకోసం పేనం మీదికి తెచ్చుకుంటారా!" అని భీమరాజు నెత్తి కొట్టుకున్నాడు.

ఆ డబ్బీ సంగతి తెలియాలంటే కిందటేడు నవంబరులో మొదలైన పోటీల సంగతి చెప్పాలి. ఈ కాలేజీ జట్టు అంతకుముందు ఎప్పుడూ ఏదీ గెలిచి ఎరగదు. ఓడిపోవడం వాళ్లకు ఎంత అలవాటంటే, మ్యాచ్ అయ్యాక ఎన్ని గోల్స్ తేడా అని అడిగేవాళ్లే తప్ప గెలిచారా అని అడిగేవాళ్లు లేరు. ఆ ఏడు కొత్త జెర్సీలు వచ్చాయి. వీపు మీద కుట్టడానికి నంబర్లు విడిగా, తెల్లగుడ్డ చదరాల మీద అచ్చు వేసి వచ్చాయి. కుట్టే పని గంగాధరది. అరబ్బీలో ఏడంకె నోరు పైకి పెట్టిన గరాటులా ఉంటుంది, ఎనిమిదంకె అదే గరాటును బోర్లించినట్టు ఉంటుంది. చదువు రాని గంగాధర ఏడును బోర్లించి కుట్టేశాడు. మొదటి మ్యాచ్‌లో మైదానంలోకి ఇద్దరు ఎనిమిదో నంబరు వాళ్లు పరుగెత్తుకొచ్చారు. రిఫరీ ఈల వేసి ఒకణ్ణి బయటికి పంపాడు. గంగాధర కుట్లు విప్పి మళ్లీ కుట్టేలోగా జట్టు పదిమందితోనే ఆడింది, గోల్ పడింది, ఓడింది. ఈజిప్టు కోచ్ అతణ్ణి తిట్టని తిట్టు లేదు.

ఆ సాయంత్రం బట్టల గదిలో తల దించుకుని కూర్చున్న గంగాధర దగ్గరికి ఆ ఏడో నంబరు కుర్రాడు వచ్చాడు. నాసర్ అతని పేరు. కాలేజీ వెనక వీధిలోనే ఇల్లు. పొడుగు కాళ్లు, కొంచెం వంకర ముక్కు. వచ్చి, కోప్పడకుండా కడుపు పట్టుకుని నవ్వాడు. "అబూ సాబూన్, ఇరవై ఏళ్లు నేనొక్కణ్ణే అనుకున్నాను. నువ్వు నన్ను ఇద్దర్ని చేశావు!" అన్నాడు. తిట్టిన కోచ్ మాటలు వారానికి మరిచిపోయాడు గానీ ఆ నవ్వును గంగాధర మరిచిపోలేదు.

అంకెలను నమ్ముకుంటే లాభం లేదని అతనికి ఆ రోజే అర్థమైంది. తనకు తెలిసిన లెక్క ఒకటుంది. పెట్టె అడుగున అగ్గిపెట్టెకంటే కొంచెం పెద్దదైన రేకు డబ్బీలో గుప్పెడు నల్లజీడి గింజలు ఉన్నాయి. మొదటిసారి బయలుదేరేటప్పుడు, చాకలి చేతిలో జీడి లేకుండా ఏ దేశం పోయినా బట్టలు కలిసిపోతాయని తల్లి కట్టి ఇచ్చింది. సూదితో గింజను గుచ్చి, ఆ చమురుతో మెడపట్టీ లోపల గుర్తు పెట్టి, మీద తడి సున్నం అద్దాడు. నల్లగా తేలింది. ఇక దాన్ని సబ్బు తీయలేదు, సోడా తీయలేదు. ఊళ్లో ఇంటింటికీ ఉన్న గుర్తులనే ఒక్కొక్క ఆటగాడికీ ఇచ్చాడు. కెప్టెనుకు పెద్దింటి రెడ్డి వాళ్ల మూడు నిలువు గీతలు, గోల్‌కీపరుకు కరణం వాళ్ల సున్నా నడుమ చుక్క. కువైట్ పిల్లలు పదహారుమంది రాయచోటి పక్క పల్లెలో పదహారు ఇళ్లవాళ్లయిపోయారు. అది వాళ్లకు తెలియదు, గంగాధరకు మాత్రం దండెం వైపు చూసినప్పుడల్లా ఊరి వీధి గుర్తుకొచ్చేది.

నాసర్ వంతు వచ్చినప్పుడు అతను అడిగాడు. "మీ ఇంటి గుర్తు ఏమిటి?"

"మాకు గుర్తుండదు. చాకలి బట్టలకు గుర్తు ఎవరు పెడతారు? మిగిలినవి మావి."

"అయితే నాకు మీ ఇంటిదే పెట్టు" అన్నాడు నాసర్.

గంగాధర చాలాసేపు ఆలోచించాడు. చివరికి ఒక అడ్డగీత గీసి దాని కింద మూడు చుక్కలు పెట్టాడు. దండెం, కారే నీళ్లు. నలభై మూడేళ్లకు తన ఇంటికి ఒక గుర్తు పుట్టింది, అదీ ఇంకొకరి మెడ మీద.

నాసర్ తల్లి ఒకసారి ఆ జెర్సీని ఇంట్లో ఉతికి, మెడ దగ్గరి నల్లమచ్చను పోగొట్టాలని బ్లీచు పోసి రుద్ది రుద్ది విసిగిపోయి గంగాధరకు కబురు పంపింది. గుమ్మం దగ్గర నిలబడి, అక్కడ పనివాళ్లు ఇంటి అమ్మను పిలిచే మాటతో పిలిచి, వచ్చీరాని అరబ్బీలో, సగం చేతులతో అతను చెప్పాడు. "మామా, ఇది పోదు. బట్ట చినిగిపోతుంది, ఇది పోదు. నాసర్ చొక్కా వేయింటిలో కలిసినా నేను పట్టుకుంటా." ఆమె నవ్వింది. ఆనాటి నుంచి గురువారం గురువారం ఒక మూత గిన్నెలో చేపల మచ్బూస్ అన్నం వచ్చేది. సాయంత్రం కొడుకు కోసం వచ్చినప్పుడు గేటు ఊచల దగ్గరికి వచ్చి, దండెం మీది జెర్సీల మెడలు చూసి, "ఇదిగో మావాడిది" అని పోల్చుకోవడం ఆమెకొక ఆట అయింది. ముందు దండెం ఒక కొన గేటు స్తంభానికే కట్టి ఉండేది. ఊచల్లోంచి చేయి చాపితే బట్ట అందుతుంది.

జట్టు గెలవడం మొదలుపెట్టింది. రెండోది, మూడోది, నాలుగోది. మ్యాచ్‌లను గంగాధర సరిగా చూసింది లేదు. నీళ్ల క్యాన్లు మోస్తూ, తువ్వాళ్లు అందిస్తూ ఉంటే ఆట ఎప్పుడూ వీపు వెనకే జరిగేది. కానీ మర్నాడు బకెట్ల ముందు కూర్చుంటే అంతా తెలిసిపోయేది. మోకాలి దగ్గర పచ్చిక మరక ఉంటే వీడు పడ్డాడు, భుజం దగ్గర మట్టి ఉంటే వాణ్ణి పడగొట్టారు. మెడ దగ్గర ఉప్పు తేలి ఉంటే చివరిదాకా పరుగెత్తాడు. శుభ్రంగా ఉందంటే వాడు ఆడలేదు, దాని మీద కూడా రెండు చేతులు నీళ్లు పోసి మర్యాద చేసేవాడు. నాసర్ జెర్సీకి ఎప్పుడూ ఎడమ పక్క నడుము దగ్గరే మట్టి. అతను జారుతూ బంతిని లాక్కుంటాడు. ఫిబ్రవరిలో అక్కడ చినిగితే ఆకుపచ్చ దారం దొరక్క, నల్లదారంతో రఫ్ఫు చేశాడు.

మార్చిలో ఫైనల్ రోజు వాన పడింది. కువైట్‌లో వాన అంటే పిల్లలు బళ్లు మానేసే సంగతి. సగం ఆటకు జెర్సీలు నీళ్లోడుతూ వస్తే, గంగాధర రెండు ఇస్త్రీ పెట్టెలు ఒకేసారి పట్టుకుని పదిహేను నిమిషాల్లో పదకొండు ఆరబెట్టి ఇచ్చాడు. వెచ్చటి బట్ట మెడలోంచి దిగుతుంటే గోల్‌కీపరు కళ్లు మూసుకుని, "యా అబూ సాబూన్, మా అమ్మ ఒళ్లో ఉన్నట్టుంది" అన్నాడు. ఒక గోల్‌తో గెలిచారు. కప్పులో విమ్టో షర్బత్తు పోసుకుని ఒకళ్ల నెత్తిన ఒకళ్లు పోసుకున్నారు. నాసర్ కప్పు తెచ్చి గంగాధర నోటికి అందించాడు. తియ్యగా, చల్లగా గొంతు దిగింది. మర్నాడు పదహారు జెర్సీల మీదా ఊదా ఎరుపు మరకలు. నిమ్మకాయ, ఉప్పు వేసి నాలుగు రోజులు రుద్దాడు. ఆ నాలుగు రోజులంత సంతోషంగా అతను జీవితంలో ఎప్పుడూ ఉతకలేదు.

అదంతా ఆరు నెలల కిందటి మాట. ఆగస్టు రెండో వారంలో కెప్టెను, నాసర్, ఇంకా ఇద్దరు అతని ఫర్వానియా గదికి వచ్చారు. నలుగురి చేతుల్లోనూ జెర్సీలు ఉన్నాయి. నంబర్లు విప్పేయమన్నారు. ఆఫీసు గోడ మీద కప్పుతో దిగిన జట్టు ఫోటో సైనికుల చేతికి చిక్కింది, దాని కింద నంబర్లూ పేర్లూ వరసగా రాసి ఉన్నాయి. లోపల ఈ జెర్సీ, పైన దిష్‌దాషా అనే పొడుగు అంగీ వేసుకుని ఏం చేయబోతున్నారో వాళ్లు చెప్పలేదు, అతను అడగలేదు. ఒక్కొక్క కుట్టూ తెంపి నాలుగు చదరాలు తీసి ఇచ్చాడు. మెడ లోపలి గుర్తు సంగతి వాళ్లకు తట్టలేదు. గంగాధరకు తట్టింది. అది తీస్తే పోయేది కాదు, అయినా తనకు తప్ప ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు.

పది రోజులుగా నాసర్ కనిపించడం లేదు. పది రోజులుగా మధ్యాహ్నం మూడు దాటాక, అసర్ నమాజు వేళకు అతని తల్లి గేటు దగ్గరికి వస్తోంది. పట్టుబడ్డవాళ్లను ఇక్కడే ఉంచారని ఎవరో చెప్పారట. సిపాయిలు పొమ్మంటారు, ఆమె వాళ్ల ముందు కొడుకు పేరు ఎత్తకుండా పక్కకు జరిగి నిలబడుతుంది. గంగాధర కనిపిస్తే గొంతు తగ్గించి "నాసర్‌ను చూశావా?" అంటుంది. "మాఫీ, మామా" అంటాడు, లేదని. అప్పుడామె దండెం మీది నాలుగు జెర్సీల మెడలూ వరసగా చూస్తుంది. కొడుకుది అతను తీసుకుపోయాడని తెలుసు, తెలిసీ చూస్తుంది. చూసి, మీద కప్పుకున్న నల్ల అబాయా సర్దుకుని వెళ్లిపోతుంది.

ఈ రోజు మూడో జెర్సీ దండెం మీద వేసి నాలుగోది తీయబోతూ ఉండగా ఒక సిపాయి వచ్చి రమ్మన్నాడు. ప్రిన్సిపాలు గదిలో ఒక అధికారి కూర్చుని ఉన్నాడు. నిద్ర లేని కళ్లు. బల్ల మీద అద్దం పగిలిన జట్టు ఫోటో, దాని పక్కన ఒక ఆకుపచ్చ గుడ్డ ఉండ.

"వీళ్ల బట్టలు ఉతికేది నువ్వేగా? ఇది ఎవడిది?"

గంగాధర చేతుల్లోకి తీసుకున్నాడు. రక్తం ఎండి అట్ట కట్టింది. వీపు మీద నంబరు లేదు, చదరం మేర రంగు ముదురుగా ఉంది. కళ్లకంటే ముందు వేళ్లకు తెలిసిపోయింది, ఎడమ పక్క నడుము దగ్గర నల్లదారం రఫ్ఫు తగిలింది. మెడ లోపల చూడనక్కర లేకపోయింది. అయినా చూశాడు. అడ్డగీత, కింద మూడు చుక్కలు. మెడపట్టీని మళ్లీ లోపలికి మడిచాడు.

"తెలియదు సార్. అన్నీ ఒకే రంగు, ఒకే కొలత. నంబరు లేకపోతే నాకూ తెలియదు."

అధికారి లేచి వచ్చి చెంప మీద కొట్టాడు. కోపంతో కొట్టినట్టు లేదు, ఫైలు తిరగేసినట్టు కొట్టాడు. "ఈ నల్ల గుర్తేమిటి?"

"కొన్న దుకాణంలో వేసింది సార్. అన్నింటికీ ఉంటుంది."

పదకొండేళ్లలో ఒక పెద్దమనిషి ముందు గంగాధర చెప్పిన మొదటి అబద్ధాలు అవి. ఇంత తేలిగ్గా నోట్లోంచి వస్తాయని అతను అనుకోలేదు.

"మొహం చూసి పోల్చే వీలు లేదు. ఇల్లు ఎక్కడో తెలిస్తే చాలు నాకు" అన్నాడు అధికారి, ఎవరితోనో చెప్పుకున్నట్టు. ఇల్లు తెలిస్తే ఏమవుతుందో గంగాధరకు తెలుసు. మూడు రోజుల కింద వీధి మొగలో ఒక ఇంటివాళ్లను, ముసలివాళ్లతో సహా, రోడ్డు మీద నిలబెట్టి వాళ్ల కళ్లముందే ఇల్లు తగలబెట్టారు. ఆ ఇంటి మగవాళ్లను లారీ ఎక్కించారు. నాసర్‌కు ఇంట్లో తండ్రి ఉన్నాడు, పదిహేనేళ్ల తమ్ముడు ఉన్నాడు.

"ఈ అబ్బాయి..." అన్నాడు గంగాధర, ఆపుకోలేక.

"ఖలాస్" అన్నాడు అధికారి. అయిపోయింది. తరవాత జెర్సీ వైపు చూసి, "బట్ట మంచిది. ఉతికి ఆరెయ్. మా డ్రైవరు వేసుకుంటాడు" అన్నాడు.

రక్తపు మరకకు వేడినీళ్లు తగలకూడదు. చన్నీళ్లలో ఉప్పు వేసి నానబెట్టాలి. గంగాధర నానబెట్టాడు. నీళ్లు ఎర్రబడ్డాయి, పారబోశాడు, మళ్లీ పట్టాడు. అదే కుళాయి, అదే బండ, ఆరు నెలల కింద విమ్టో మరకలు వదలగొట్టిన చోటే. అతనికి ఏడుపు వచ్చింది, ఏడ్చాడు. ఎవరైనా చూసినా సబ్బునురగ కళ్లలో పడిందనుకుంటారు. కడుపు దగ్గర వేలు పట్టే చిల్లు ఒకటి ఉంది. దానిలో వేలు పోకుండా చుట్టూ రుద్దాడు.

ఆమెకు చెప్పాలా? చెప్తే ఈ గేటు ముందే గుండెలు బాదుకుంటుంది, ఏ తల్లి ఆగుతుంది? సిపాయిలు ఆమె వెనకే ఇంటికి పోతారు. చెప్పకపోతే రేపూ వస్తుంది, ఎల్లుండీ వస్తుంది, ఈ ఊచలు పట్టుకునే ముసలిదైపోతుంది. తమ్ముడైనా మిగలాలి. చెప్పకూడదు. అలా అనుకున్నాక గుండె కొంచెం నిమ్మళించింది. ఆమె వచ్చేది అసర్ వేళకు, అప్పటికి తను ఉండడు. ఆ ముఖం చూసి మాఫీ అనే పని ఇవాళ తప్పింది. తప్పినందుకు సంతోషం కలిగింది, సంతోషం కలిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అప్పటికే పన్నెండున్నర దాటింది. టైమెంతని అడిగితే సిపాయి తన గడియారం చూపించి నవ్వాడు. ఇక చేతులు వాటంతట అవే పరుగెత్తాయి. జాడించి, పిండి, విదిలించి, తిరగేసి, దండెం మీద వేసి క్లిప్పులు పెట్టి, వెనకనున్న ఖాకీలు మడతపెట్టి మెట్ల మీద ఉంచి, గూట్లోని డబ్బీ తీసి జేబులో వేసుకున్నాడు. బట్టల గదికి తాళం వేసి, తాళంచెవి ఎవరికివ్వాలో తెలియక తలుపు కిందినుంచి లోపలికి తోసేశాడు. వెనక్కి తిరిగి చూడకుండా నడిచాడు. చూస్తే కాళ్లు కదలవని భయం.

బస్సు రెండున్నరకు కదిలింది. యాభై మందికి బస్సు, ఎక్కింది తొంభై మంది. సంచులు, కుక్కర్లు, ఒకరి ఒళ్లో టేప్ రికార్డరు. మొదటి తనిఖీ దగ్గర సిపాయి ఎక్కి ముఖాలు చూసి దిగాడు, రెండో దాని దగ్గర ఇద్దరి చేతి గడియారాలు పోయాయి. భీమరాజు కిటికీ పక్క చోటు సంపాదించి, గంగాధరను తన పక్కన ఇరికించుకున్నాడు. ఎండిన రొట్టె ముక్క ఒకటి తుంచి ఇచ్చాడు.

"తినండి. మొహం అలా ఉందేంటండీ? చెంప వాచిందేంటి?"

"ఏంల్యా రాజన్నా."

"సరేలెండి, డబ్బీ దొరికిందా అసలు? ఏదీ, ఆ బంగారం నేనూ చూస్తాను."

గంగాధర జేబులోంచి డబ్బీ తీసి మూత విప్పాడు. గుప్పెడు ఉండాల్సిన గింజల్లో నాలుగే మిగిలాయి, పక్కన సూది. భీమరాజు ఒక గింజ తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీంతో ఏం చేస్తారండి?"

"గుర్తు పెడతాం. మెడ లోపల. ఈడ..." అని తన చొక్కా మెడ వెనక వేలు పెట్టి చూపించబోయి గంగాధర ఆగిపోయాడు.

వేలు అక్కడే ఉండిపోయింది.

మెడ లోపల. తిరగేసి ఆరేశాడు. కింది అంచు పట్టి, మెడ కిందికి వేలాడేలా, వీపు ఎండవైపుకు పెట్టి. మధ్యాహ్నపు ఎండ గేటు వైపునుంచే వస్తుంది. ఖాకీలతో పాటు వెనక దండెం మీద వేయాల్సింది. వేయలేదు. జెర్సీ అనేసరికి చేతులు ముందు దండెం దగ్గరికే పోయాయి, మిగతా మూడింటి పక్కనే వేసి వచ్చాయి. నోరు దాచిపెట్టిన మాటను చేతులు గేటు మీద రాసి వచ్చాయి.

"ఆపు! బండి ఆపప్పా! ఆపు!"

తొంభై మంది తలలు తిరిగాయి. గంగాధర లేచి, సంచుల మీద కాళ్లు వేసి, ముందుకు తోసుకుంటున్నాడు. "దింపండి నన్ను. ఒక్క గెడియ. తిరగేసొస్తా. అంతే, తిరగేసి మల్లా వస్తా." ఎవరో చొక్కా పట్టుకు లాగారు, ఎవరో హిందీలో తిట్టారు. డ్రైవరు అద్దంలో చూసి యాక్సిలరేటరు ఇంకా తొక్కాడు. ఇక్కడ ఆగితే కాల్చేస్తారని ముందు సీటులోంచి ఎవరో అరిచారు.

భీమరాజు రెండు చేతులతో అతణ్ణి పట్టి కూలేశాడు. "కూర్చోండి బాబూ, మీకు దణ్ణం పెడతాను. ఏం మరిచిపోయారండీ? ఏదైనా పోతే పోనివ్వండి, పేనాలతో బయటపడ్డాం."

ఏం మరిచిపోయాడో చెప్పడానికి గంగాధర నోరు తెరిచాడు. చొక్కా తిరగేసి ఆరేశాను అంటే ఈ బస్సులో ఎవరికి అర్థమవుతుంది? ఆమెకు తెలియనీ, ఎన్నాళ్లని ఆ గేటు పట్టుకు వేలాడుతుంది అని ఒక మనసు. ఆమె ఆ మెడ చూడకుండా ఏ గాలైనా వీచి బట్టను మెలేయాలి దేవుడా అని ఇంకొక మనసు. తన చేతుల వైపు చూసుకున్నాడు. ముడతలు ఇంకా పోలేదు. పదకొండేళ్లు ఏ తప్పూ చేయకుండా పని చేసిన చేతులు, ఈ రోజూ ఏ తప్పూ చేయలేదు, పని నేర్చుకున్నట్టే చేశాయి. వాటిని ఏమని తిట్టాలి? భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. భీమరాజు అతని వీపు నిమురుతూ కూర్చున్నాడు.

బస్సు జహ్రా దాటుతూ ఉంది. ఎక్కడో మసీదు మైకులో అసర్ బాంగు మొదలైంది. కిటికీలోంచి ఇసుక, ఇసుక మీద తగలబడిన కార్లు, ఆ వెనక ఏమీ లేదు. అతని ఒళ్లో డబ్బీ మూత తెరిచే ఉంది, గింజలు బస్సు కుదుపుకు కింద పడి ఎవరి కాళ్ల కిందికో దొర్లిపోయాయి.

కాలేజీ గేటు దగ్గర ఎండ ఈపాటికి వాలి ఉంటుంది. ముందు దండెం మీద మూడు మాయని జెర్సీల పక్కన నాలుగోది, లోపలి వైపు బయటికి, మెడ కిందికి, ఒక అడ్డగీతా మూడు చుక్కలూ గేటు ఊచలవైపు తిరిగి, చేతికందే దూరంలో ఆరుతూ ఉంది.